గుల్ల లేని వాయిద్యం

నాకు అక్షరాలు వచ్చింది ఒక వస్తువు మీద కోపంతో. చదువు విలువ తెలిసొచ్చి నేర్చుకున్నానని రాసుకుంటే వినడానికి బాగుంటుంది గానీ అది అబద్ధం. ఆ వస్తువు మొన్న మళ్ళీ కనబడింది. వానలకి రేకు కారుతోందని అటక మీద సామానంతా కిందకి దింపిస్తుంటే, పాత మంచం కోళ్ళ వెనకాల నల్ల గుడ్డ సంచిలో గోడకి ఆనుకుని నిలబడి ఉంది. జిప్పు తుప్పుపట్టి కదల్లేదు, సంచి కోయాల్సివచ్చింది. తీగలు నల్లబడి ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. ఎర్ర రంగు మాత్రం ఎర్రగానే ఉంది. మంచం కోళ్ళని చెదలు సగం తినేసి దాని జోలికి మాత్రం వెళ్ళలేదు. పురుగుకి కూడా ఆ పాటి తెలివి ఉందనుకున్నాను. పక్కనున్న నా మనవరాలు, “ఇది నాన్నదా అమ్మమ్మా? నాన్న గిటారు వాయించేవాడా?” అని అడిగింది. నాన్నదేనని చెప్పాను. వాయించేవాడని మాత్రం నా నోటితో అనలేదు.

మాది పెదపాడు దగ్గర పల్లె. పేటలోనే పుట్టాను, పేటలోనే కాపురం చేశాను. మా అమ్మ ఊడ్పుల ముఠాకి పెద్ద. చెవి మీద చుట్ట ముక్క పెట్టుకుని, కొంగు నడుముకి బిగించి, ఆకుకట్ట చేతిలోకి తీసుకున్నాక ఆవిడ గొంతెత్తితే తప్ప ఎవరూ మొదటి కుదురు నాటేవారు కాదు. ఊడ్పు పాటకి కొలత గట్టే. వెనక్కి వెనక్కి నడుస్తూ నాటుతాం గదా, మడమ గట్టుకి తగిలేదాకా చరణం అవకూడదు. మడి పొడుగైతే చరణం పొడుగు, మడి పొట్టిదైతే పొట్టి. ఎండెక్కేకొద్దీ గొంతు కూడా పైకి జరగాలి. లేకపోతే వంగిన నడుములు వంగినట్టే మొద్దుబారిపోతాయి. అమ్మ తర్వాత ఆ పని నాకు వచ్చింది. పొలంలో ఎత్తే గొంతుతోనే ఆదివారం చర్చిలో పాట ఎత్తేదాన్ని. అక్కడ ఆడవాళ్ళం ఎడం పక్క చాపల మీద కూర్చునేవాళ్ళం. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, “పాట పాడుకుందాం” అని కళ్ళు మూసుకునేవారు. ఇక అప్పుడు ఎవరూ మాట్లాడేవారు కాదు. పిల్లల చేతుల్లో గాజులు కూడా ఆగిపోయేవి. అందరూ నా గొంతు కోసం ఆగేవారు. నేను ఎక్కడ ఎత్తితే అక్కడినుంచి చర్చి మొత్తం అందుకునేది. ఆ కాసేపటి నిశ్శబ్దం నాది. నాకు పొలం లేదు, పుస్తకం పట్టుకుంటే ఏ వైపు పైకో తెలిసేది కాదు. అయినా ఆ నిశ్శబ్దం ఉంది.

తర్వాత చేలు చెరువులయ్యాయి. కొల్లేరు అంచునుంచి మొదలై తవ్వుకుంటూ తవ్వుకుంటూ మా చేల మీదకి వచ్చారు. చేపలకి ఊడ్పులు అక్కర్లేదు. మేత వేయడానికి మగవాళ్ళు, కాపలాకి మగవాళ్ళు. మా ఆయన ఒక చెరువు గట్టు మీద పాక వేసుకుని కాపలాకి కుదిరాడు. మా ముఠా ఆడవాళ్ళు కొందరు ఏలూరులో ఇళ్ళ పనికి వెళ్ళారు, కొందరు రొయ్యలు ఒలిచే షెడ్లకి వెళ్ళారు. షెడ్లో పాట పాడితే సూపర్‌వైజరు ఊరుకోడు. అలా ఆరు రోజుల పాటలు పోయి ఏడో రోజు పాట ఒక్కటి మిగిలింది. మనిషికి ఒక్క చోటే మిగిలినప్పుడు దానికి అడ్డొచ్చిన వాడెవడైనా పగవాడే. ఆ అడ్డొచ్చినవాడు అల్లుడు కావడం నా కర్మ.

మా అమ్మాయి కరుణని తాడేపల్లిగూడెం ఇచ్చాం. అల్లుడి పేరు ప్రసాదు. మోటార్లకి వైండింగ్ కట్టే షాపులో పనిచేసేవాడు. ఎప్పుడు వచ్చినా వార్నిష్ వాసన వేసేవాడు, సబ్బుతో ఎంత తోముకున్నా గోళ్ళ సందుల్లోంచి పోయేది కాదు. తాగడు, గట్టిగా మాట్లాడడు, పెట్టింది తింటాడు. తిట్టడానికి సందివ్వని అల్లుడితో వేగడం ఎంత కష్టమో అత్తగార్లకే తెలుస్తుంది. ఏడో నెలలో కరుణని పురిటికి తీసుకొచ్చాం. ఇక అతను శనివారం షాపు కట్టగానే పాసింజరు ఎక్కి ఏలూరులో దిగి, అక్కడినుంచి బస్సులో వచ్చి, ఆదివారం చర్చి అయ్యాక వెళ్ళిపోయేవాడు.

ఆ శనివారం నేను పెరట్లో కొరమేను బాగుచేస్తున్నాను. అల్లుడు వస్తున్నాడంటే మా ఆయన గట్టు మీద ఎవరినో బతిమాలి బతికున్న చేప తెచ్చేవాడు. బూడిదలో దొర్లిస్తే తప్ప అది చేతికి చిక్కదు. మోచేతులదాకా బూడిద, జిగురు. దడి తోసుకుని ప్రసాదు వచ్చాడు. వీపు మీద పొడుగ్గా నల్ల సంచి, కింద వెడల్పు, పైన సన్నం. అచ్చం దోనె తెడ్డులా ఉంది. చేతిలో చిన్న పెట్టె ఇంకోటి. కొల్లేటికోట వెళ్తున్నాడేమో, దోనె ఏమైనా కొన్నాడేమో అనుకుని, “తెడ్డు ఎందుకండీ అల్లుడు గారూ?” అన్నాను. లోపలినుంచి కరుణ నవ్విన నవ్వుకి పక్కింటి సౌభాగ్యం తొంగిచూసింది. సౌభాగ్యం మా ముఠాలో నా పక్క వరస మనిషి. మూడో తరగతి చదివానని ముప్ఫై ఏళ్ళుగా చెప్పుకుంటూ ఉండేది.

మంచం మీద సంచి విప్పాడు. మొదట వచ్చింది వాసన. కొత్త చెప్పుల షాపులో తలుపు తీస్తే వచ్చే వాసన. తర్వాత ఆ ఎరుపు. మోటారు సైకిల్ ట్యాంకు మీద ఉండాల్సిన రంగు చెక్క మీద ఉంది. నేను చేతులు కడుక్కుని వచ్చి, అడగకుండానే తట్టి చూశాను. కుండ కొనేటప్పుడు తడతాం గదా, అలా. టక్కుమంది. లోపల ఏమీ లేదు. లేదంటే బోలుగా ఉందని కాదు, బోలే లేదు. ముందునుంచి వెనక్కి గట్టి పలక. డప్పుకి గుల్ల ఉంది, హార్మోనియానికి గుల్ల ఉంది, మనిషి గొంతుకీ గుల్ల ఉంది. శబ్దం తిరగడానికి చోటు లేని వాయిద్యం నేను చూడటం అదే మొదటిసారి. తీగ మీటితే చెవి దగ్గర దోమ తిరిగినట్టు పలికింది. పొడుగాటి మెడ మీద అడ్డంగా ఇత్తడి కమ్మీలు, వాటి కొసలు సరిగ్గా అరగదీయలేదు, వేలు పెడితే గీరుకుంటున్నాయి. తీగలేమో ఆ కమ్మీలకి అంత ఎత్తున ఉన్నాయి, నొక్కాలంటే పిడికిలి బలమంతా కావాలి. “మొదటిసారి నేర్చుకునేవాళ్ళ కోసం చేసిందండి అత్తయ్య గారూ. పెట్టె, వైరు, బెల్టు అన్నీ సెట్టుగా వచ్చేస్తాయండి. మనలాంటోళ్ళకి అందేలా పెట్టారండి రేటు,” అన్నాడు. నేర్చుకునేవాడికే నున్నటి కమ్మీలు కావాలి గదండీ, వచ్చినవాడు ఎలాగైనా వాయించుకుంటాడు గదండీ అన్నాను. మా వైపు కోపం పెరిగేకొద్దీ అండీలు పెరుగుతాయి. కరుణకి ఆ సంగతి తెలుసు, నా వైపు కళ్ళు పెద్దవి చేసింది.

మా ఇంట్లో ప్లగ్గు ఒక్కటే. దానికి టేబుల్ ఫ్యాను. ఆ ఎండల్లో ఏడో నెల పిల్లకి అదొక్కటే ఆధారం. అల్లుడు గారు ఆ ఫ్యాను వైరు పీకి, గిటారు చప్పుడు పెద్దది చేసే తన పెట్టె పెట్టాడు. పెట్టె బుర్రుమంది, నీళ్ళు అందని మోటారు ఉత్తినే తిరుగుతున్నట్టు. తీగల మీద చెయ్యి ఆనిస్తే తగ్గుతుంది, తీస్తే మళ్ళీ మొదలు. షాపులో తను బాగుచేసే మోటార్లు అలా కూస్తే ఒప్పుకుంటాడా? అడిగాను. ఎర్తింగు లేక అంటండి, అన్నాడు. ఆ తర్వాత ఒక పాట ముక్క వాయించాడు. నేర్చుకున్నవి మూడు పట్లు, ఒక పట్టునుంచి ఇంకో పట్టుకి వేళ్ళు మార్చుకునేలోపు పాట ఆగి అతని కోసం నిలబడాలి. నుదుటినుంచి చెమట కారుతున్నా కరుణ అతని వంక చూసి నవ్వుతోంది. కోపమంటే నాకు కొత్త కాదు. కానీ ఒక వస్తువు మీద కోపం రావడం అదే మొదలు. చేప పులుసులో ఉప్పు వేశానో లేదో గుర్తులేక రెండోసారి వేశాను. ప్రసాదు అది కూడా మాట్లాడకుండా తిన్నాడు.

మర్నాడు దాన్ని చర్చికి తెచ్చాడు. అయ్యగారు చిన్నవయసువారు, కొత్తగా వచ్చారు, సంబరపడ్డారు. కుర్రాళ్ళు వచ్చి వైరు లాగి పెట్టెకి మైకు ఆనించారు. అయ్యగారు “పాట పాడుకుందాం” అన్నారు. నిశ్శబ్దం రాలేదు. నా నిశ్శబ్దం ఉండాల్సిన చోట ఆ పెట్టె బుర్రుమంటూ కూర్చుంది. నేను ఎత్తాను. అతను ఇంకోచోట మొదలుపెట్టాడు. చర్చిలో సగం మంది నాతో, సగం మంది దానితో. మధ్యలో ముసలాళ్ళు నోరు మూసుకున్నారు. ఇంటికొచ్చాక ప్రసాదు ఎంతో మర్యాదగా చెప్పాడు, నేను చరణం చరణానికి పైకి వెళ్ళిపోతున్నానట, చివరి మాట ఎక్కడ ఆపుతానో తనకి అందట్లేదట, ఉన్నచోటే ఉంటే బాగుంటుందట. “ఉన్నచోటే ఉంటే ఊడ్పు ఎలా అవుద్దండి, బాబూ?” అన్నాను. అతనికి అర్థం కాలేదు. అతను పొలంలో వంగిన మనిషి కాదు.

రెండు మూడు ఆదివారాల్లో పద్ధతే మారిపోయింది. నా పాటలకి అతని మూడు పట్లు సరిపోవని, సరిపోయే పాటలు ఎక్కడినుంచో తెచ్చారు. అవి ఎవరికీ రావు గనక జిరాక్సు కాయితాలు పంచారు. నాకూ ఒకటి ఇచ్చారు. నేను దాన్ని మడిచి విసురుకున్నాను. పక్కన సౌభాగ్యం వేలు పెట్టి చదువుకుంటూ పాడుతోంది. ముప్ఫై ఏళ్ళ మూడో తరగతికి ఆ రోజు పని తగిలింది. “నీ అల్లుడే నిన్ను దింపేశాడే,” అంది నా చెవిలో. అంటే అందిలే, ఎన్నాళ్ళు పలుకుతుంది ఆ పలక, కరెంటు ఉన్నంతసేపేగా అనుకున్నాను. మా ఊళ్ళో కరెంటు సంగతి నాకు తెలుసు. నిజం చెప్పాలంటే కరెంటు పోవాలని చర్చిలో కూర్చుని ప్రార్థన చేశాను.

మట్టల ఆదివారం నా ప్రార్థన ఫలించింది. అందరి చేతుల్లో ఈత మట్టలు, బయటినుంచి ఊరేగింపుగా వచ్చి లోపల నిలబడి కొత్త పాట పాడుతున్నాం, అంటే వాళ్ళు పాడుతున్నారు. రెండో చరణంలో ఫ్యాన్లు ఆగాయి. పెట్టె గొంతు పిసికినట్టు ఆగిపోయింది. నేను లేచి, ఊపిరి నిండా తీసుకుని, మా అమ్మ పాడే మట్టల పాట ఎత్తాను. మొదటి మాట పూర్తిగా ఎత్తాను. ఎవరూ అందుకోలేదు. వాళ్ళు ఆగనే లేదు. గిటారు ఆగినా, మైకు ఆగినా, కాయితాలు మొహాలకి దగ్గరగా పట్టుకుని ఆ కొత్త పాటే పాడుకుంటూ పోయారు. ప్రసాదు కూడా ఆ దోమ చప్పుడు వాయిస్తూ, కళ్ళు మూసుకుని, నోటితో పాడుతున్నాడు. నా ముఠా ఆడవాళ్ళు, నా వెనకాల పదిహేను ఊడ్పులు నడిచినవాళ్ళు, ఒకరికి చదువు రాకపోతే పక్కనామె చెవిలో మాట అందిస్తోంది, ఆమె పాడుతోంది. నాకు మాట అందించే ధైర్యం ఎవరికీ లేదు. నేను వాళ్ళకి అందించేదాన్ని గదా. చేతిలో మట్ట పట్టుకుని, నోరు తెరుచుకుని నిలబడ్డాను. కాసేపటికి నోరు మూసుకున్నాను. అప్పుడు తెలిసింది నాకు, నా చోటు తీసుకున్నది పలక కాదు, కాయితం. కాయితాన్ని తెచ్చింది మాత్రం పలకే, కాబట్టి దాని మీద కోపం తగ్గించుకోవాల్సిన అవసరం కనపడలేదు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక, అల్లుడు బస్సెక్కాక, కరుణ పక్కన కూర్చుని ఆ కాయితం ముందు పెట్టి, ఇది నాకు చెప్పు అన్నాను. చదివి వినిపించబోయింది. చదవడం కాదే, చదవడం నేర్పు అన్నాను. “ఇప్పుడా అమ్మా?” అంది. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు, నీకు పుట్టేదానితో కలిసి బడికి వెళ్ళనా అన్నాను. పలకా బలపం తెమ్మంటే సౌభాగ్యం చూస్తుందని నాకు నామోషీ. అందుకని కరుణ గ్లాసులో నీళ్ళు పెట్టుకుని, వేలు ముంచి, గచ్చు మీద అక్షరం రాసేది. ఆ ఎండలకి అక్షరం కళ్ళముందే ఆరిపోయేది. ఆరేలోపు పోల్చుకోవాలి, దాని మీదే నా వేలితో దిద్దాలి. అ ఆలతో మొదలుపెట్టలేదు మేము. ఆ కొత్త పాటలో మొదటి మాట ఏ అక్షరమైతే అదే నా మొదటి అక్షరం. పాట చెవిలో ఉంది, కాయితం కళ్ళముందుంది, ఆ రెంటికీ ముడి వేసుకుంటూ పోవడమే. గుణింతాలు పట్టుబడ్డాయి గానీ ఒత్తులు ఏడిపించాయి. అక్షరం కింద ఇంకో అక్షరం వేలాడదీయడం ఎవడి తెలివో, వాణ్ని కూడా తిట్టాను. గచ్చు కడిగినప్పుడల్లా ఇప్పటికీ తడి వేలు ఊరికే ఉండదు.

కరుణ ప్రసవించింది. ఆడపిల్ల. స్నానాలు, సాంబ్రాణి, పథ్యాలు, ఆ హడావిడిలో కూడా చంటిది పడుకున్నాక ఒక గ్లాసు నీళ్ళు నా ముందు ఉండేవి. ప్రసాదు శనివారాలు వస్తూనే ఉన్నాడు, ఆ ఎర్ర పలక వీపు మీద లేకుండా ఒక్కసారి కూడా రాలేదు. నా చదువు సంగతి అతనికి చెప్పొద్దని కరుణ దగ్గర ఒట్టు వేయించుకున్నాను. అతని ముందు చిన్నబోవడం ఒకసారి చాలు.

ఐదో నెలలో తల్లీబిడ్డల్ని తాడేపల్లిగూడెం పంపేముందు వచ్చిన ఆదివారం అది. అయ్యగారు “పాట పాడుకుందాం” అన్నారు. పెట్టె బుర్రుమంటోంది. ప్రసాదు తీగల మీద చెయ్యి పెట్టేలోపే లేచి నిలబడ్డాను. కాయితం రెండు చేతులతో పట్టుకుని, ఆ కొత్త పాటే, వాళ్ళ పాటే, నా గొంతులో నాకు కుదిరినచోట ఎత్తాను. ఒత్తుతో సహా మొదటి పాదం చదివాను. సౌభాగ్యం నా చేతిలోని కాయితం వంక చూసి, నా మొహం వంక చూసి, అందుకోవడం మర్చిపోయింది. ప్రసాదు అతని చోట మొదలుపెట్టాడు. నేను నా చోటు వదల్లేదు. అతను ఆగాడు. అతనికి వచ్చినవి ఆ మూడు పట్లే. వాటిలో నా గొంతు ఎక్కడా దొరకదు. ఇద్దరిలో ఒకరు జరగాలి. చర్చి అంతా అది చూస్తోంది, కరుణ చంటిదాన్ని భుజాన వేసుకుని మరీ చూస్తోంది. అయ్యగారు నా వైపు తిరిగి, అమ్మా, ఆయన ఇచ్చిన శ్రుతిలో అందుకోండి అనబోయారు.

“ఉండండి అయ్యగారూ,” అన్నాడు ప్రసాదు. “అత్తయ్య గారూ, ఆ మొదటి మాట అలాగే ఇంకోసారి అనండి. నేనే వస్తానండి.”

అన్నాను. అతను గిటారు తలకాయ దగ్గరున్న, తీగ బిగించే మర తిప్పాడు. మీటాడు. ఇంకోసారి అనమన్నాడు. మళ్ళీ తిప్పాడు. ఒకటి కుదిరిందనుకుని రెండోదానికి వెళ్తే మొదటిది జారిపోయేది, చవకది గదా, మరలు నిలబడేవి కావు. ఆరు తీగలు. పిల్లలు కదిలారు, ఎవరో దగ్గారు, అయ్యగారు వాచీ చూసుకున్నారు. నేను ఆ ఒక్క మాటనే అంటూ నిలబడ్డాను. చివరి తీగ బిగిస్తుంటే ఫట్‌మని తెగి అతని చెంప మీద కొట్టింది. సన్నగా ఎర్రటి గీత పడింది. నాకు జాలి వేసిందని రాస్తే బాగుంటుంది గానీ, నాకు ఆ క్షణంలో కలిగింది సంతోషం. అతను చెంప తుడుచుకుని, మిగిలిన ఐదు తీగలు ఒకసారి మీటి, తీగల మీద అరచెయ్యి ఆనించాడు. పెట్టె బుర్రుమనడం తగ్గింది. అతను అలాగే చెయ్యి తీయకుండా, వాయించకుండా, నా వైపు చూస్తూ ఆగాడు. చర్చిలో చప్పుడు లేదు. గాజులు కూడా ఆగాయి. నేను ఎత్తాను.

ఆ తర్వాత దాని కథ ఎక్కువ లేదు. తల్లీబిడ్డల్ని తీసుకెళ్ళేరోజు బరువెక్కువైందని గిటారు మా ఇంట్లో వదిలాడు, మళ్ళీ వచ్చి తీసుకెళ్తానన్నాడు. సొంతంగా వైండింగ్ షాపు పెట్టుకున్నాక ఆదివారాలు కూడా మోటార్లే. తెగిన తీగ కొత్తది వేయనేలేదు. నేను అటకెక్కించాను. పారేయమని ఎవరైనా అంటే, అల్లుడి వస్తువు పారేస్తే బాగోదని చెప్పేదాన్ని.

ఇప్పుడు మా చర్చికి టైల్స్ వేశారు. కూర్చోవడానికి కుర్చీలు. పాట తెల్లటి తెర మీద పెద్ద అక్షరాలతో పడుతుంది, ఒత్తులతో సహా నేను తడుముకోకుండా చదువుతాను. కీబోర్డు ఉంది. అది బుర్రుమనదు, శుభ్రంగా మోగుతుంది, దరువు కూడా అదే వేసుకుంటుంది. పాట పాడుకుందాం అనే మాట కూడా ఎవరూ అనరు, అది మొదలవుతుంది, అందరూ దానితోపాటు వెళ్తారు. అది మొదలయ్యేది చిన్నపిల్లల గొంతులకి కుదిరిన ఎత్తులో. నా గొంతు వయసుతోపాటు కిందకి దిగింది, అంత ఎత్తు ఎక్కలేదు. మాటలన్నీ చదవడం వచ్చి, పెదాలు మాత్రం కదుపుతూ కూర్చుంటున్నాను. పక్క కుర్చీలో సౌభాగ్యం కూడా అంతే.

మొన్న గిటారు మీద దుమ్ము తుడుస్తూ ఈ మాట మనవరాలితో అన్నాను. ఆ పిల్ల నవ్వింది. “దానికి బటన్ ఉంటుంది అమ్మమ్మా. ఒకసారి నొక్కితే పాట మొత్తం కిందకి దిగుతుంది. వాయించే అన్నయ్యకి తెలుసు.” ఆ బటన్ కొత్తగా వచ్చిందా అని అడిగాను. మొదటినుంచీ ఉంటుంది అంది.

ఎర్ర పలకని పాత దుప్పటిలో చుట్టించి మళ్ళీ అటకెక్కించాను, రేకు కారని పక్కన. అది నాకు అప్పుడు నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు. వాయిద్యమంటే గుల్ల ఉండాలి. కానీ దానికి ఆరు మరలు ఉండేవి, చర్చి అంతా కూర్చుని చూస్తుండగా ఒక మనిషి నా ఒక్క గొంతు కోసం ఆరూ తిప్పాడు. ఇప్పుడున్నదానికి ఒక్క బటనేనట.